నాయిన కల్లు ముట్టని మనిషి, అయినా లివర్ కేన్సర్. ఈ కేన్సర్ వచ్చిన వందమందిలో హెపటైటిస్ బి ఎంతమందికి ఉంటుంది?

బత్తాయి తోట:

అందరికీ నమస్తే. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. పుట్టిల్లు దేవరకొండ దగ్గర పల్లె. నాయినకు 58 ఏళ్లు. నాలుగెకరాల బత్తాయి తోట, రెండు బర్రెలు, అదే ఆయన లోకం. దసరా నుంచి అన్నం సగంలోనే చాలని లేవడం మొదలుపెట్టాడు. కుడి డొక్కలో ఏదో బరువుగా ఉందనేవాడు. కాయ కోతప్పుడు గంపలు మోసిన నొప్పి అనుకున్నాం. నెలన్నర తిరిగేసరికి ధోతి మీద పెట్టుకునే తోలు బెల్టుకు మేకుతో కొత్తగా రెండు బొక్కలు పొడుచుకున్నాడు. అది చూశాకే నాకు భయమేసింది.

నల్గొండలో స్కాన్ తీస్తే లివర్‌లో 7 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. పట్నం తీసుకుపోయాం. అక్కడ సీటీ స్కాన్, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేసి కేన్సరే అని తేల్చారు. పరీక్షకు గడ్డ నుంచి ముక్క కూడా తీయలేదు. ఆ రిపోర్టుల కట్టలో ఒక చిన్న కాగితం ఉంది, హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అని, అంటే హెపటైటిస్ బి వైరస్ ఉన్నట్టు. డాక్టర్ గారు దాని మీద పెన్నుతో సున్నా చుట్టి, "మూలం ఇదే కావచ్చు, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి" అని తర్వాతి పేషెంటును పిలిచారు. ఆయన తప్పేం లేదు, వరండాలో ఇంకా యాభై మంది ఉన్నారు. నేను అడగాల్సినవన్నీ బస్సెక్కాక గుర్తొచ్చాయి.

ఇప్పుడు ఊళ్లో సంగతి. లివర్ అంటే తాగుడు, అంతే. ఇంకో కారణం ఎవరికీ తెలియదు. మా నాయిన ఇంటి వెనకే తాటివనం ఉన్నా కల్లు ముంత ముట్టలేదు. దావత్‌లకు పోతే కూర వేయించుకుని తిని, చేయి కడుక్కుని వచ్చేవాడు. పరామర్శకు వచ్చిన చిన్నమ్మ మాత్రం అమ్మ ముందే "దొంగతనంగ తాగిండేమో, ఎవలకెరుక" అంది. రోజూ పొద్దుగూకగానే కల్లు మండువాలో కూర్చునేది ఆమె మొగుడు, అంటే మా చిన్నాయిన. ఆయన నిక్షేపంగా ఉన్నాడు. ఇంకొందరు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అన్నారు. మా వైపు ఏ రోగమొచ్చినా చివరికి ఫ్లోరైడ్ మీదికే పోతుంది.

తమ్ముడికి సంబంధం కుదిరింది, మాఘమాసంలో పెళ్లి. పరీక్ష మాటెత్తితే వాడు బండి తాళం తీసుకుని బయటికి పోతున్నాడు. అమ్మ అయితే "పిల్ల తరఫోళ్లకు తెలిస్తే ఏమైతదో నీకెరుకేనా" అని నా మీదే కోపం.

నాకు మూడు సంగతులు కావాలి. లివర్ కేన్సర్ వచ్చిన వందమందిలో ఈ వైరస్ ఎంతమందికి ఉంటుంది? చిన్నమ్మ ముందు పెట్టడానికి నాకు ఒక అంకె కావాలి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. రెండోది, నాయినకు ఇది ఎక్కడ అంటుకుని ఉంటుంది? మూడోది మా గతి. మేం ఆయన కంచంలో తిని పెరిగినవాళ్లం.

సాగర్ ఎడమ కాలువ:

అక్కా, టెన్షన్ పడకండి. మా మేనమామకు పసిరికలు ముదిరి కళ్లు పసుపు ముద్దల్లా అయితే కోదాడ అవతల ఒకాయన పసరు పోశాడు. మూడు ఆదివారాలు. ఉప్పు, నూనె మానేయాలి. నెలకు మనిషి మామూలయ్యాడు. కేన్సర్‌కు కూడా ఇస్తారట. కావాలంటే కనుక్కుని చెబుతాను.

పాత ల్యాబ్ మనిషి, పాలమూరు:

పసరు సంగతి చివర్లో మాట్లాడతా. ముందు బిడ్డ అడిగిన అంకె.

నేను డాక్టర్‌ను కాదు. మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు రక్తం గుచ్చి, రిపోర్టులు రాసి రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఈ హెచ్‌బీఎస్‌ఏజీ కార్డులు నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్క లేదు.

ప్రపంచం మొత్తం మీద లివర్ కేన్సర్ రోగుల్లో సుమారు సగంమంది వెనక హెపటైటిస్ బి ఉంటుంది. ఇంకో ఐదో వంతు వెనక హెపటైటిస్ సి. రెండూ రక్తం ద్వారా పాకేవే. రెండూ కలిపితే పదిమందిలో ఏడుగురి దాకా వస్తారు. ఇది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చైనాలో, ఆఫ్రికాలో బి వాటా బాగా ఎక్కువ. జపాన్, ఈజిప్టుల్లో సి ఎక్కువ. మన దేశంలో ఒక్కో దవాఖాన లెక్క ఒక్కో రకం. అయినా చాలా ఏళ్లుగా వచ్చిన లెక్కల్లో ఎక్కువగా మొదటి పేరు హెపటైటిస్ బీదే. ఈమధ్య తాగుడు, షుగర్, ఫ్యాటీ లివర్ వాటా పెరుగుతోంది. కాబట్టి మీ చిన్నమ్మకు "సగం" అని చెప్పు, తప్పేం కాదు. తాగుడు వల్ల కూడా లివర్ కేన్సర్ వస్తుంది, ఆమె మాట పూర్తిగా అబద్ధం కాదు. తాగితేనే వస్తుందనడమే అబద్ధం.

అయితే ఆ అంకెను తిరగేసి చదవొద్దు. ఇక్కడే అందరూ జారిపడతారు. కేన్సర్ వాళ్లలో సగంమందికి వైరస్ ఉంది కాబట్టి వైరస్ ఉన్నవాళ్లలో సగంమందికి కేన్సర్ వస్తుందనుకుంటారు. అది వేరే లెక్క. తైవాన్‌లో 22,707 మంది మగవాళ్ల రక్తం తీసి, ఎవరికి వైరస్ ఉందో రాసిపెట్టుకుని, కొన్నేళ్లు వాళ్లను గమనించారు. 3,454 మందికి వైరస్ ఉంది. మిగతా 19 వేల చిల్లర మందికి లేదు. 1981లో లెక్క బయటపెట్టేనాటికి లివర్ కేన్సర్‌తో పోయినవాళ్లు 41 మంది. అందులో 40 మంది ఆ 3,454లో వాళ్లు. లేనివాళ్లలో ఒక్కడు. వైరస్ మీద అనుమానం ఆ ఒక్క లెక్కతో తీరిపోయింది. ఇప్పుడు అదే లెక్క రెండోవైపు నుంచి చూడు. 3,454 మందిలో 40. మిగతా మూడు వేల నాలుగు వందల పైచిలుకు మందికి అప్పటికి ఆ కేన్సర్ రాలేదు. అవి వైరస్‌ను అణిచే మాత్రలు లేని రోజులు కూడా. అలాగని తేలిగ్గా తీసుకునేది కాదు. చిన్నప్పుడే అంటుకుని, మందూ మాకూ లేకుండా వదిలేస్తే నలుగురిలో ఒకరి దాకా చివరికి లివర్ గట్టిపడో, కేన్సర్ వచ్చో పోతారు.

ఎక్కడ అంటుకుందంటావా. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు బిడ్డా. కానీ ఒకటి తెలుసుకుంటే మీ ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. పెద్దయ్యాక ఈ వైరస్ అంటుకుంటే వందలో తొంభై ఐదు మంది పైన ఆర్నెల్లలో తమంతట తామే బయటపడతారు. అదే పుట్టినప్పుడు తల్లి నుంచి వస్తే వందలో తొంభైమందిలో ఉండిపోతుంది. చిన్నపిల్లల ఒంటికి అది పరాయిదని తెలియదు, ఊరుకుంటుంది. యాభై ఏళ్లు ఏ గుర్తూ లేకుండా గడిచిపోతాయి. అంటే మీ నాయినకు బహుశా పాలు తాగే వయసులోనో, పలక పట్టిన వయసులోనో వచ్చి ఉంటుంది. ఇక దొంగతనంగా తాగడమేంది, ఎక్కడో తిరగడమేంది. ఆ రెండో మాట కూడా అనేవాళ్లుంటారు, ముందే చెబుతున్నా.

సూదుల సంగతి కూడా చెప్పాలి. నేను కొత్తగా చేరినప్పుడు గాజు సిరంజిలే. స్టీలు డబ్బాలో మరగబెట్టేవాళ్లం. సూది మొన మొద్దుబారితే సాన రాయి మీద నూరి మళ్లీ వాడేవాళ్లం. ఈ చేత్తో నూరాను. మరగబెట్టడం సరిగ్గా చేస్తే వైరస్ చస్తుంది. జ్వరాల కాలంలో ఊళ్లలో ఆ ఓపిక ఎవరికుంది? స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి భుజానికి. ఈజిప్టులో నత్తల ద్వారా వచ్చే ఒక పురుగు జబ్బుకు 1980ల దాకా ఊరూరా సూదులు వేశారు. సిరంజిలు మళ్లీ మళ్లీ వాడటంతో దేశం నిండా హెపటైటిస్ సి పాకింది. మన దగ్గర 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిల వల్లే హెపటైటిస్ బి ఒక్కసారిగా విరుచుకుపడి పదుల మంది చనిపోయారు. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ ఏడు రోజులు బతికి ఉంటుంది. జాతరలో ఒకే సూదితో వేసే పచ్చబొట్లు, కటింగ్ షాపులో మార్చని బ్లేడు, అన్నీ దారులే.

ఇక మీ సంగతి. కంచంలో తింటే రాదు. ముద్దు పెడితే, దగ్గితే, ఒకే బావి నీళ్లు తాగితే రాదు. అయినా అందరూ పరీక్ష చేయించుకోవాల్సిందే. తల్లి ఒకరే కాబట్టి నాయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికంటే ముందు. తర్వాత మీ అమ్మ, మీరిద్దరు. మూడు పరీక్షలు అడుగు. హెచ్‌బీఎస్‌ఏజీ ఇప్పుడు వైరస్ ఉందా అని చెబుతుంది. యాంటీ హెచ్‌బీసీ ఎప్పుడైనా వచ్చిపోయిందా అని చెబుతుంది. యాంటీ హెచ్‌బీఎస్ రక్షణ ఉందా అని చెబుతుంది. కార్డు పరీక్ష చేస్తుంటే దగ్గరుండి చూడు, దాచేదేం లేదు. సీరం చుక్కలు వేస్తే తడి మెల్లగా పైకి పాకుతుంది. సి అక్షరం దగ్గర గీత రావాలి, రాకపోతే కార్డే పాడైనట్టు. టి దగ్గర కూడా గీత వస్తే వైరస్ ఉన్నట్టు. లేత గులాబీ గీత కనీకనపడకుండా వచ్చినా గీతే. "లైట్‌గా ఉంది సార్, నెగెటివ్ రాయండి" అని నన్ను బతిమిలాడినవాళ్లున్నారు, పెళ్లి కుదిరిన పిల్లలే ఎక్కువ.

లేనివాళ్లకు టీకా. మూడు డోసులు. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, డోసుకు వందల రూపాయలు. ల్యాబ్‌లో పనిచేసే మాకే వేయించుకునే స్తోమత లేదు. 1997లో మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు సొంతంగా తయారుచేశాక అగ్గువైంది. నేను అప్పుడే వేయించుకున్నా. తైవాన్ 1984లోనే పుట్టిన పిల్లలకు మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడ బడి వయసు పిల్లల్లో లివర్ కేన్సర్ సగానికి పడిపోయింది. మన దేశమంతటా పిల్లల టీకాల్లో చేరింది 2011కు గానీ కాదు. నీ పిల్లలు చిన్నవాళ్లయితే టీకాల కార్డు తీసి చూడు. పుట్టిన రోజు డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు వేసే ఐదు టీకాల కలయిక పెంటావాలెంట్‌లో ఇది కలిసే ఉంటుంది. మీ తమ్ముడి వయసు వాళ్లే ఎటూ కాకుండా మధ్యలో మిగిలిపోయారు.

పసరు. తమ్ముడూ, మీ మేనమామకు వచ్చింది నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ అయి ఉంటుంది. అవి పసరు పోసినా పోయకపోయినా నాలుగైదు వారాల్లో దిగుతాయి. దిగిన పేరు పసరుకు వస్తుంది. నేల ఉసిరి మీద నిజంగానే పరిశోధన జరిగింది. 1988లో మద్రాసు డాక్టర్లు వైరస్ పోతోందని రాస్తే నేనూ సంతోషపడ్డా. తర్వాత వేరే దేశాల్లో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 7 సెంటీమీటర్ల గడ్డ ఉన్న మనిషికి మూడు ఆదివారాలు చిన్న సంగతి కాదు.

వనపర్తి లారీ:

సార్ చెప్పింది నా ఒంటి మీద జరిగింది అక్కా. మా ఊరోళ్లంతా ముంబై పోతారు, నేను దుబాయ్ పోదామనుకున్నా. 2011లో పట్నంలో మెడికల్ చేస్తే హెపటైటిస్ బి అని అన్‌ఫిట్ కొట్టారు. ఏజెంటుకు కట్టిన నలభై వేలు పోయాయి. నాకు ఆ నలభై వేల బాధే గానీ రోగం గురించి ఒక్కడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాగితం చింపేశా.

లారీ ఎక్కా. ఎనిమిదేళ్లు. తిండి లేదు, నిద్ర లేదు, రాత్రిపూట క్వార్టర్ ఉంటే గానీ కన్ను మూతపడేది కాదు. మా ఆవిడ గర్భంతో ఉంటే రక్తపరీక్షలు రాశారు. ఆమెకు ఏమీ లేదు. అప్పుడు నర్సమ్మ "మీ ఇంట్లో ఎవరికైనా కామెర్లున్నాయా" అని అడిగితే పాత అన్‌ఫిట్ సంగతి బయటపడింది. ఆమే నన్ను గుంజుకుపోయి స్కాన్ రాయించింది. లివర్‌లో 2 సెంటీమీటర్ల మచ్చ. ఏఎఫ్‌పీ నార్మలే వచ్చింది, గుర్తుపెట్టుకోండి. రక్తపరీక్ష బాగుందని స్కాన్ మానేస్తే నేను ఇప్పుడు ఇది రాసేవాణ్ని కాదు.

పొట్ట మీద నుంచి సూది పెట్టి కరెంటుతో కాల్చారు. రెండు రోజులు దవాఖానలో ఉన్నా. ఐదేళ్లు దాటింది. రోజూ రాత్రి బువ్వ తిన్నాక వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర ఒకటి, ఆరు నెలలకోసారి స్కాన్. మందు బంద్ చేసిన రోజు క్వార్టర్... తప్పు రాశా, క్వార్టర్ బంద్ చేసి మందు మొదలుపెట్టా. మొదట్లో మెడికల్ షాపులో కొన్నా. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం హెపటైటిస్ కార్యక్రమం మొదలుపెట్టిందని, పరీక్షలు, మాత్రలు ఉచితమని నాకు ఏడాది తర్వాత తెలిసింది. పెద్ద సర్కారు దవాఖానకు పోయి హెపటైటిస్ రూమ్ ఎక్కడని అడగండి. సిగ్గుపడి మెల్లగా అడిగితే గేటు దగ్గరాయనకు వినపడదు, ఇంకా గట్టిగా అడగాల్సి వస్తుంది.

ఆవిడకు మూడు సూదులు వేయించా. బిడ్డకు పుట్టిన రోజే వేశారు. ఇద్దరూ బాగున్నారు.

గద్వాల బుడ్డలు:

నాదో చిన్న డౌటు. మేం పల్లికాయ కమీషన్ వ్యాపారం, మా వైపు బుడ్డలంటాం. యార్డులో కుప్పలు పోశాక వాన పడితే నాలుగు రోజుల్లో లోపల పచ్చ బూజు. ఏరి పక్కకు తీసిన పప్పు గానుగకు పోతుంది, పిండి బర్రెలకు పోతుంది. ఆ బూజు తింటే లివర్ కేన్సర్ అని ఫోన్‌లో వీడియో తిరుగుతోంది. భయపెట్టడానికా, నిజమా?

పాత ల్యాబ్ మనిషి, పాలమూరు:

నిజమే. ఆ పచ్చ బూజు వదిలే విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు, అగ్గువ ధరలో కనిపెట్టే పరీక్ష కూడా తయారుచేశారు. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఈ బూజు కూడా తింటుంటే రెండు ప్రమాదాలూ కూడుకోవడం కాదు, హెచ్చవేసినట్టు పెరుగుతాయి. చైనాలో, ఆఫ్రికాలో ఈ కేన్సర్ అంత ఎక్కువుండటానికి ఈ జోడీ ఒక కారణం. పిండి తిన్న బర్రె పాలలోకి కూడా ఆ విషం కొంత దిగుతుంది. బుడ్డలు మానేయమనడం లేదు, నేను రోజూ తింటా. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, నోట్లో వేస్తే చేదుగా తగిలేవి ఉమ్మేయాలి. అట్లాంటివి గానుగకు పంపేది మీరే కాబట్టి మీకు ఇంతకంటే చెప్పను.

బత్తాయి తోట:

అందరికీ దండాలు. సార్, ఒక సంగతి. నాయినకు టెనోఫోవిర్ కూడా రాశారు. కేన్సర్ వచ్చాక ఇంకా వైరస్ మాత్ర ఎందుకు, పొలం దున్నుకుపోయాక కంచె వేసినట్టుందని చిన్నాయిన అంటున్నాడు.

పాత ల్యాబ్ మనిషి, పాలమూరు:

గడ్డ లేని మిగతా లివర్‌తోనే కదా ఆయన బతికేది. దాన్ని వైరస్ తినకుండా ఆ మాత్ర. కేన్సర్ మందులు మొదలుపెడితే ఈ వైరస్ ఒక్కోసారి విజృంభిస్తుంది, అప్పుడు కేన్సర్ కంటే ముందు అదే ముంచుతుంది. ఒక్కరోజు కూడా మాననివ్వకు.

బత్తాయి తోట:

మూడు వారాలైంది, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

నాయినకు ఒకసారి టేస్ చేశారు. తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, గడ్డకు రక్తం పోయే నరంలోనే మందు వేసి మూసేశారు. నాలుగు రోజులు జ్వరం, వాంతులు. ఇప్పుడు పూటకు ఒక జొన్నరొట్టె తింటున్నాడు. గడ్డ పెద్దది కాబట్టి పూర్తిగా పోతుందని ఎవరూ చెప్పడం లేదు. ఇంకో నెలకు మళ్లీ స్కాన్.

పరీక్షలు. నాకు ఏమీ లేదు. నా బిడ్డ కార్డులో మీరు చెప్పిన డోసులన్నీ ఉన్నాయి. అమ్మకు ఎప్పుడో వచ్చి తనంతట తానే పోయిందట, రక్షణ కూడా ఉందట. అది విన్నప్పటి నుంచి అమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. తమ్ముడు నాతో రానన్నాడు. వనపర్తి అన్న రాసింది ఫోన్‌లో పంపా, చదివినట్టు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు లేదు. మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి బండి మీద మిర్యాలగూడ వచ్చి, "అక్కా, ఆ ల్యాబ్ ఇంకా తెరిచి ఉంటదా" అన్నాడు. కార్డు ముందు ఇద్దరం నిలబడ్డాం. సి దగ్గర గీత వచ్చింది. పదిహేను నిమిషాలు టి వైపే చూశాం. రాలేదు. వాడు ఇంకో ఐదు నిమిషాలు చూద్దామన్నాడు, ల్యాబ్ పిల్లవాడు నవ్వాడు. పిల్ల తరఫోళ్లకు కూడా వాడే చెప్పాడు, మొత్తం. వాళ్ల నాయిన అడిగింది ఒక్కటే, "మరి మా బిడ్డకు కూడా సూదులు ఏయించాల్నా?"

చిన్నాయినకు లేదు. ఆ రిపోర్టును నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకుని నేరుగా మండువాకు పోయాడు.

ఉన్నది మా మేనత్తకు. నాయిన తర్వాత పుట్టింది, 52 ఏళ్లు, చండూరు దగ్గర ఇచ్చారు. కాన్పులకు తప్ప దవాఖాన మెట్లెక్కని మనిషి. స్కాన్‌లో గడ్డలేం లేవు. వైరల్ లోడ్‌కు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో తేల్చే పరీక్షకు, రక్తం ఇచ్చాం. బస్సులో వస్తూ అత్త ఒక మాట అంది. ఇరవై ఏళ్ల కింద నాయినమ్మ పొట్ట కుండలా ఉబ్బి, కాళ్లు వాచి, ఒళ్లు పచ్చగా అయి పోయింది. అప్పుడు ఊళ్లో ఎవరో చేతబడి చేశారన్నారు. ఎనకింటి ముసలామె మీద అనుమానపడి చాలా ఏళ్లు ఆమెతో మాటలు లేవు. "ఆమె సచ్చిపోయింది, ఇంక ఎవలకు చెప్పాలె" అంది అత్త. మల్లేపల్లి దాకా మళ్లీ మాట్లాడలేదు.

చిన్నమ్మకు అంకె చెప్పాను. "సగమేనా? మరి మిగతా సగం తాగినోళ్లే కదా" అంది. ఆమెతో నేను గెలవలేను.

ఒక్క ప్రశ్న సార్. తమ్ముడికి మొదటి డోసు జనవరి 6న వేశారు. మూడోది రెండో డోసు నుంచి ఆర్నెల్లకా, మొదటి దాని నుంచా? కాంపౌండర్ ఒకటి చెబుతున్నాడు, కార్డు మీద ఇంకోటి ఉంది.

పాత ల్యాబ్ మనిషి, పాలమూరు:

కార్డు మీద ఉన్నదే చూడు. మొదటి డోసు తారీఖు నుంచే లెక్క. ఫిబ్రవరి 6, జులై 6. మూడోది అయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ చేయించండి, 10 దాటితే చాలు. మీ తమ్ముడికి వైరస్ లేదు కాబట్టి పెళ్లికూతురికి తప్పనిసరి కాదు, వేయించుకుంటే మంచిదే. మీ చిన్నాయినకు వైరస్ లేదని కల్లు పర్మిట్ ఇచ్చినట్టు కాదు, ఆ మాట నా పేరు చెప్పి చెప్పు.

అత్త వైరల్ లోడ్ రాగానే ఇక్కడ పెట్టు. అంకె ఒక్కటే పెట్టకు. దాని పక్కన ఐయూ అని ఉందా, కాపీలు అని ఉందా చూసి రాయి, రెండూ వైరస్‌ను లెక్కపెట్టే కొలతలే. ఒక ఐయూ అంటే ఐదు కాపీల పైనే ఉంటుంది, అది తెలియక ఊరికే భయపడిన వాళ్లను చాలామందిని చూశా.